వచ్చి కొలుచుకోండి

ఫ్యూజన్ మీద, అంటే తేలికపాటి అణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే పని మీద, ఏ వార్త వచ్చినా జనం ముందుగా అడిగేది ఒకటే: కరెంటు ఎప్పుడొస్తుంది? అడగడంలో తప్పేమీ లేదు. అయితే దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. ఫలానా యంత్రంలో ప్లాస్మా (ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన వాయువు) ఇన్ని కోట్ల డిగ్రీలకు చేరింది, ఇన్ని నిమిషాలు నిలిచింది అని ఎవరైనా ప్రకటిస్తే, ఆ కొలత ఎవరు తీశారు? ఎవరు సరిచూశారు? డెబ్బై ఏళ్ల ఫ్యూజన్ చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే, దేశాల మధ్య సహకారం ఎక్కడ అక్కరకొచ్చిందో, ఎక్కడ కాళ్లకు అడ్డం పడిందో తేటగా కనిపిస్తుంది.

నేను వెల్డింగ్ తనిఖీ చేసే మనిషిని. పెద్ద పెద్ద ప్రెషర్ వెస్సెళ్ల జాయింట్లను ఎక్స్‌రేతోనో అల్ట్రాసోనిక్‌తోనో పరీక్షించి రిపోర్టు రాయడం నా పని. ప్లాస్మా ఫిజిక్స్ నా చదువు కాదు, ఇష్టం కొద్దీ ఏళ్ల తరబడి చదువుకుంటూ వచ్చిన విషయం. మా పనిలో అన్నిటికంటే పెద్ద రూలు ఒకటుంది: వెల్డింగ్ చేసినవాళ్లు తమ జాయింటును తామే పాస్ చేసుకోకూడదు. వాళ్ల మీద అనుమానం ఉండి కాదు. తన చేతి పనిలో లోపం తన కంటికి ఆనదు కాబట్టి. ఫ్యూజన్‌లోనూ సరిగ్గా ఇదే జరిగిందని నా వాదన. అంతర్జాతీయ సహకారం అంటే ఖర్చు పంచుకోవడం, భాగాలు పంచుకుని తయారు చేయడం అని చాలామంది అనుకుంటారు. అవీ ఉన్నాయి. కానీ ఈ రంగం ముందుకు కదిలిన ప్రతిసారీ వెనక ఉన్నది ఇంకొకటి: ఒకరి కొలతను ఇంకొకరు వచ్చి సరిచూడటం, ఒకరి దగ్గర చెడిపోయినదేమిటో మిగతావాళ్లకు తెలియడం. ఈ రెండూ పోతే మిగతా సహకారమంతా ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

విషయం కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. హైడ్రోజన్‌కు బరువైన రూపాలు రెండున్నాయి: డ్యుటీరియం, ట్రిటియం. ఈ రెంటి కేంద్రకాలు కలిస్తే ఒక హీలియం కేంద్రకం, ఒక వేగవంతమైన న్యూట్రాన్ వస్తాయి. పుట్టిన శక్తిలో ఐదింట నాలుగు వంతులు న్యూట్రాన్ పట్టుకుపోతుంది. రెండు కేంద్రకాలూ ధనావేశం ఉన్నవే, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ నెట్టుడును దాటాలంటే వాయువును 10 కోట్ల డిగ్రీలు దాటించి వేడి చేయాలి. అంత వేడిలో అది ప్లాస్మాగా ఉంటుంది, ఏ గోడా దాన్ని తట్టుకోలేదు. అందుకే అయస్కాంత క్షేత్రంతో గోడకు తగలకుండా పట్టి ఉంచుతారు. గారె ఆకారంలో ఉండే టోకమాక్ అనే యంత్రం ఈ పని చేసేవాటిలో అందరికంటే ముందుంది.

1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగం మీద ఐక్యరాజ్యసమితి పెద్ద సదస్సు పెట్టింది. అధ్యక్షత వహించిన హోమీ భాభా తన ప్రసంగంలో, రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తిని అదుపులో ఉంచి విడుదల చేసే పద్ధతి దొరుకుతుందని చెప్పారు. ఆ అంచనా తప్పిందని అందరూ ఎత్తిచూపుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది వేరే. ఆ సదస్సుకు ప్రతినిధులను పంపిన అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మూడూ అప్పటికే గుట్టుగా అదే పని చేస్తున్నాయి. ఎవరి తలుపులు వాళ్లు వేసుకుని, ఒకే గోడకు మూడు వైపుల నుంచి తల కొట్టుకుంటున్నారు. సన్నని ప్లాస్మాలో కరెంటు పంపితే అది మెలికలు తిరిగిపోయి గోడకు తగులుతుందని ముగ్గురూ విడివిడిగా తెలుసుకున్నారు. ఒకరు తెలుసుకుని చెప్తే సరిపోయే దానికి ముగ్గురి డబ్బూ కాలమూ పోయాయి.

తలుపు మొదట తెరిచింది సోవియట్ వైపు నుంచి. 1956 ఏప్రిల్‌లో కృశ్చేవ్ బ్రిటన్ పర్యటనకు వెళ్లినప్పుడు వెంట వచ్చిన ఇగోర్ కుర్చతోవ్, బ్రిటన్ అణు పరిశోధన కేంద్రం హార్వెల్‌లో నిలబడి తమ ఫ్యూజన్ ప్రయోగాల గురించి ఉపన్యాసం ఇచ్చారు. సోవియట్ అణుబాంబు పనికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త అలా బాహాటంగా మాట్లాడతారని అక్కడ ఎవరూ ఊహించలేదు. అందులో ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఒక హెచ్చరిక: డ్యుటీరియంలో గట్టి కరెంటు పంపినప్పుడు న్యూట్రాన్లు కనిపిస్తాయి కానీ, అవి నిజంగా వేడి వల్ల పుట్టినవే అని నమ్మేయకండి, వేరే కారణాలతోనూ పుడతాయి.

రెండేళ్లు తిరక్కుండానే ఆ హెచ్చరిక అదే హార్వెల్‌లో నిజమైంది. 1958 జనవరిలో జీటా అనే యంత్రంలో ఫ్యూజన్ సాధించినట్టే కనిపిస్తోందని ప్రకటించారు. పేపర్లు హోరెత్తాయి. కొన్ని నెలలకే, ఆ న్యూట్రాన్లు వేడి వల్ల పుట్టినవి కావని తేలి ప్రకటనను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. శాస్త్రవేత్తలు మోసం చేశారని కాదు. న్యూట్రాన్లను లెక్కపెట్టారు, లెక్క సరైనదే. వాటి పుట్టుక ఏమిటన్న దాంట్లో పొరపడ్డారు. ప్రకటనకు ముందే బయటి నిపుణులు వచ్చి అన్నీ చూసి ఉంటే ఆ గడబిడ జరిగేది కాదని నా నమ్మకం. ఆ ఏడాదే సెప్టెంబరులో రెండో జెనీవా సదస్సులో మూడు దేశాలూ తమ ఫ్యూజన్ పరిశోధనల మీద రహస్య ముద్ర తీసేశాయి. ఎవరికీ సులువైన దారి దొరకలేదని అందరికీ అర్థమయ్యాకే ఆ ముద్ర పోయిందన్నది నిజమే. ఏ కారణంగా అయినా, పోవడం మంచిదైంది.

ఇక నా వాదనకు గుండెకాయ లాంటి ఘట్టం. 1968 ఆగస్టు మొదటి వారంలో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సదస్సు జరిగింది. లెవ్ ఆర్త్సిమోవిచ్ బృందం మాస్కోలోని తమ టి-3 టోకమాక్‌లో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కోటి డిగ్రీల దాకా చేరిందని చెప్పింది. ఇలా ప్లాస్మాను పట్టి ఉంచే మిగతా దేశాల యంత్రాలు చాలావరకు అప్పటికి ఆ దరిదాపుల్లో లేవు. పాశ్చాత్య శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మలేదు. వాళ్ల సందేహం పద్ధతి మీద. సోవియట్ వాళ్లు ప్లాస్మాలో ఉన్న మొత్తం శక్తిని అయస్కాంత పద్ధతిలో పరోక్షంగా కొలిచి, దాని నుంచి ఉష్ణోగ్రత లెక్కకట్టారు. ఎక్కడో కొన్ని ఎలక్ట్రాన్లు మాత్రమే విపరీతమైన వేగం అందుకుని, మిగతావన్నీ చల్లగా ఉన్నా ఆ పద్ధతిలో లెక్క పెద్దగానే వస్తుంది. జీటా అనుభవం తర్వాత ఈ అనుమానం రావడం న్యాయమే.

అప్పుడు ఆర్త్సిమోవిచ్ చేసిన పని నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. బ్రిటన్‌లోని కల్హమ్ ప్రయోగశాల వాళ్లను పిలిచి, మీ పరికరాలు తెచ్చుకుని మీరే కొలుచుకోండి అన్నారు. సదస్సు జరిగిన నెలలోనే సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి దిగాయి. ప్రచ్ఛన్న యుద్ధం ఎంత వేడి మీద ఉందో వేరే చెప్పక్కర్లేదు. అయినా 1969లో నికోల్ పీకాక్ నాయకత్వంలో ఒక చిన్న బ్రిటిష్ బృందం టన్నుల కొద్దీ సామాను మూటగట్టుకుని మాస్కోలోని కుర్చతోవ్ సంస్థకు వెళ్లింది. అందులో ముఖ్యమైనది ఒక రూబీ లేజర్. కెంపు కడ్డీ నుంచి వచ్చే ఎర్రని కాంతి స్పందనను ప్లాస్మాలోకి పంపితే, అందులో అతి స్వల్పమైన భాగం ఎలక్ట్రాన్లకు తగిలి పక్కకు చెదురుతుంది. ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా అటూ ఇటూ పరిగెడుతుంటే, చెదిరిన కాంతి రంగు అంత వెడల్పుగా విచ్చుకుంటుంది. ఆ వెడల్పు చూస్తే ఉష్ణోగ్రత నేరుగా తెలుస్తుంది. ఎక్కడ గురి పెడితే అక్కడి ఎలక్ట్రాన్ల సంగతే చెప్తుంది కాబట్టి, కొన్ని పరుగుల ఎలక్ట్రాన్లు లెక్కను తారుమారు చేయలేవు.

వినడానికి తేలికే, చేయడం మహా కష్టం. ప్లాస్మా తనంతట తానే వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులోంచి, గోడల మీద పడి తిరిగొచ్చే లేజర్ మెరుపులోంచి, గుప్పెడు కాంతి కణాలను ఏరుకోవాలి. నెలల తరబడి అక్కడే ఉండి, ఆ ప్రయోగశాల వాళ్లతో భుజం భుజం కలిపి పనిచేసి చివరికి సాధించారు. ఆర్త్సిమోవిచ్ బృందం చెప్పింది నిజమని తేలింది. 1969 నవంబరులో ఆ ఫలితం నేచర్ పత్రికలో అచ్చయింది. సంగతి ముందే తెలిసిన అమెరికా వాళ్లు ప్రిన్స్‌టన్‌లో తమ పెద్ద యంత్రాన్ని విప్పి టోకమాక్‌గా మార్చేసుకున్నారు. 1970 నాటికి అది నడిచింది కూడా. ప్రపంచం మొత్తం టోకమాక్ దారి పట్టింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ సహకారంలో ఉమ్మడి యంత్రం లేదు, ఉమ్మడి బడ్జెట్టు లేదు. ఒకరి యంత్రం, ఇంకొకరి కొలబద్ద. అంతే. కానీ ఆ ఒక్క కొలత కొన్ని దేశాల పరిశోధన దిశనే తిప్పేసింది. మా భాషలో చెప్పాలంటే అది థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్, అదీ పోటీదారు చేతుల మీదుగా. అంతకంటే గట్టి సర్టిఫికెట్ ఉండదు.

ఇంకో సంగతి, ఇది బయట ఎక్కువగా చర్చకు రాదు. ప్లాస్మాలోని వేడి ఎంతసేపటికి బయటకు జారిపోతుందో సిద్ధాంతంతోనే లెక్కగట్టడం ఇప్పటికీ పూర్తిగా సాధ్యం కాదు. అందుకని చాలా యంత్రాల కొలతలు ఒకచోట పోగేసి, యంత్రం సైజు, కరెంటు, క్షేత్ర బలం, సాంద్రత మారితే ఈ కాలం ఎలా మారుతుందో సూత్రం రాబట్టారు. ఒక యంత్రానికి సైజు ఒకటే ఉంటుంది కదా. దాన్ని సాగదీయలేం, కుదించలేం. ఒక దేశం తన ఒక్క యంత్రంతో వందేళ్లు ప్రయోగాలు చేసినా సైజు ప్రభావం ఏమిటో దానికి తెలియదు. జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా లాంటి దేశాల చిన్నా పెద్దా యంత్రాల అంకెలు ఒకే పట్టికలో చేరాకే ఆ లెక్క కుదిరింది. 1999లో అచ్చయిన ఆ సూత్రం ఆధారంగానే ఆ తర్వాతి పెద్ద టోకమాక్ డిజైన్లు చాలావాటి కొలతలు నిర్ణయమయ్యాయి. తమ సొంత బలంతో ఫ్యూజన్ సాధించేస్తామని చెప్పే ప్రైవేటు కంపెనీల టోకమాక్ డిజైన్లు కూడా ఆ ఉమ్మడి పట్టిక మీద నిలబడ్డవే. ఈ సంగతి వాళ్ల ప్రకటనల్లో పెద్దగా కనిపించదు. ఉండాలని నేనంటాను.

యూరప్ దేశాలు కలిసి కల్హమ్‌లో కట్టుకున్న జెట్ యంత్రం ఇంకో మంచి ఉదాహరణ. 1983లో మొదటి ప్లాస్మా. 1997లో 16 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి, లోపలికి పంపిన వేడి 24 మెగావాట్లు. అంటే మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఆ రికార్డు అందరికీ తెలుసు. జెట్ చేసిన ఇంకా గొప్ప పని గోడ మార్చుకోవడం. మొదట లోపలి పలకలు కార్బన్‌వి. కార్బన్ ట్రిటియాన్ని పీల్చి పట్టుకుంటుంది, అది అసలు విద్యుత్ కేంద్రంలో అస్సలు పనికిరాదు. అందుకని ఇంకా పుట్టని వేరే యంత్రం (ముందు చెప్పబోయే ఈటర్) కోసం జెట్ తన గోడను మొత్తం విప్పేసి బెరీలియం, టంగ్‌స్టన్ పలకలు పెట్టుకుంది. కొత్త గోడతో 2011లో మళ్లీ నడక మొదలైంది. గోడ మారితే ప్లాస్మా స్వభావమూ మారి, మొదట్లో పాత స్థాయి ఫలితాలు రాలేదు. ఆ వెనకబాటును దాచలేదు, పేపర్లుగా రాశారు. పదేళ్లు కష్టపడి, 2021 డిసెంబరులో 5 సెకన్లలో 59 మెగాజౌళ్లు, 2023 అక్టోబరులో 69 మెగాజౌళ్లు తీశారు. ఆ చివరి రికార్డుకు ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు. ఆ ఏడాది చివరే జెట్‌ను ఆపేశారు.

ఇప్పుడు అందరూ కోప్పడే యంత్రం దగ్గరికి వద్దాం. ఐటీఈఆర్ అని రాసి ఈటర్ అని పలుకుతారు. 1985 నవంబరులో రీగన్, గోర్బచేవ్ జెనీవాలో కలిసినప్పుడు మొలకెత్తిన ఆలోచన. 1990ల చివర అమెరికా బయటికి వెళ్లిపోయింది, 2003లో తిరిగొచ్చింది. చైనా, దక్షిణ కొరియా, 2005 చివర్లో భారత్ చేరాయి. 2006 నవంబరు 21న పారిస్‌లో ఏడు పక్షాలూ (యూరప్, అమెరికా, రష్యా, జపాన్, చైనా, దక్షిణ కొరియా, భారత్) ఒప్పందం మీద సంతకం చేశాయి. దక్షిణ ఫ్రాన్స్‌లోని కదరాష్ దగ్గర కడుతున్నారు. నిర్మాణ ఖర్చులో యూరప్‌ది 45 శాతం పైచిలుకు, మిగతా ఆరుగురిదీ తలా 9 శాతం. 50 మెగావాట్ల వేడి లోపలికి పంపి 500 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి రాబట్టడం లక్ష్యం. కరెంటు మాత్రం తయారు చేయదు, ఇది ప్రయోగ యంత్రం.

సభ్యదేశాలు డబ్బు తక్కువగా, వస్తువులు ఎక్కువగా ఇవ్వాలన్నది ఏర్పాటు. ప్రతి దేశానికీ తన పరిశ్రమకు ఈ పని నేర్పించుకోవాలన్న కోరిక. అందుకని ఒకే భాగాన్ని ముక్కలు చేసి పంచారు. నిలువు అయస్కాంత కాయిల్స్ జపాన్, యూరప్ చేశాయి. లోపల ప్లాస్మా ఉండే వాక్యూమ్ వెస్సెల్ తొమ్మిది ముక్కల్లో నాలుగు కొరియాకు, ఐదు యూరప్‌కు. దాని చుట్టూ కప్పే 3,850 టన్నుల క్రయోస్టాట్ (లోపలి చలిని నిలిపి ఉంచే పెద్ద ఉక్కు డబ్బా) భారత్‌ది. నడిమధ్య నిలబడే సోలినాయిడ్ అనే అయస్కాంత కాయిల్‌కు కేబుల్ జపాన్‌ది, చుట్టేది అమెరికా.

పని పంచుకోవడమే తప్పు అని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అయస్కాంతాల సంగతి చూడండి. నయోబియం-టిన్ అనే సూపర్‌కండక్టర్ తీగ లక్ష కిలోమీటర్లకు పైగా కావాల్సి వచ్చింది. అంతకు ముందు ప్రపంచమంతా కలిసి ఏడాదికి 15 టన్నులు చేసేది, దాన్ని 100 టన్నులకు పెంచాల్సి వచ్చింది. భారత్ తప్ప మిగతా ఆరు పక్షాలూ తీగ చేశాయి. ఇన్ని చోట్ల చేసినది ఒకేలా ఉందని ఎలా తెలుస్తుంది? స్విట్జర్లాండ్‌లో ఫిలిగెన్ అనే చోట సుల్తాన్ అనే పరీక్షా కేంద్రం ఉంది. ఎవరు చేసిన కండక్టర్ అయినా దాని నమూనా అక్కడికి వెళ్లి, ఒకే రకమైన పరీక్షకు నిలబడాలి. సోలినాయిడ్ కేబుల్ మొదటి నమూనాలు అక్కడ దెబ్బతిన్నాయి. కరెంటు పెంచుతూ తగ్గిస్తూ పోయేకొద్దీ అయస్కాంత బలానికి లోపలి సన్నని తీగలు వంగి, తట్టుకునే శక్తి మెల్లమెల్లగా పడిపోతూ వచ్చింది. వేల సార్లు కరెంటు ఎక్కి దిగే కాయిల్‌కు అది ప్రాణాంతకం. తీగలను ఇంకా దగ్గర దగ్గరి మెలికలతో బిగువుగా పేనితే ఆ పతనం ఆగుతుందని మళ్లీ పరీక్షల్లోనే తేలింది. కేబుల్ డిజైన్ మార్చేశారు. అదంతా కాయిల్ చుట్టకముందే జరిగింది. కొలత ముందు, చుట్టడం తర్వాత. ఆరుచోట్ల చేసినా అందరికీ తక్కెడ ఒక్కటే.

వాక్యూమ్ వెస్సెల్ దగ్గర కథ వేరుగా నడిచింది. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒక్కో ముక్క 440 టన్నులు. జోడు గోడల ఉక్కు, మధ్యలో అడ్డ పలకలు. అలాంటిదాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు ప్రతి అతుకూ చల్లారుతూ లోహాన్ని తన వైపు లాగుతుంది. ఎంత బిగించి పట్టినా చివరికి ఆకారం కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. మామూలు వెస్సెల్‌కు ఫర్వాలేదు, సైట్‌లో గ్రైండ్ చేసో, అతుకు వెడల్పు పెంచో సర్దుకుంటాం. ఇక్కడ ముక్కకూ ముక్కకూ మధ్య అతుకులు యంత్రాలు వేయాలి, పైగా అది అణు భద్రతా నిబంధనల కిందికి వచ్చే గోడ. అంచుల కొలత తప్పితే యంత్రం ఆ అతుకు వేయలేదు. కదరాష్ చేరిన ముక్కల అంచులు అనుకున్న కొలతలకు దూరంగా ఉన్నాయి. 2022 ఆరంభంలో ఫ్రాన్స్ అణు నియంత్రణ సంస్థ, కొన్ని ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా ముక్కలను కలిపి వెల్డింగ్ చేయడానికి వీల్లేదంది. అయినా ఆ మే నెలలో, రెండు కాయిల్స్‌తో కలిపి 1,200 టన్నులు దాటిన మొదటి కట్టను యంత్రం నిలబడే గోతిలోకి దించారు. 2023 జులైలో మళ్లీ పైకి ఎత్తాల్సి వచ్చింది.

ఎత్తడానికి ఇంకో కారణం కూడా తోడైంది. వెస్సెల్‌కూ చల్లని కాయిల్స్‌కూ మధ్య థర్మల్ షీల్డ్ అని వెండి పూత పూసిన పలకలుంటాయి. వాటి మీద వెల్డ్ చేసిన శీతలీకరణ పైపుల్లో పగుళ్లు బయటపడ్డాయి, కొన్ని 2.2 మిల్లీమీటర్ల లోతున. పైపును వంచి వెల్డ్ చేసినప్పుడు లోహంలో మిగిలిన బిగువు ఒకవైపు, పూత పని జరిగినప్పుడు అతుకు దగ్గర చిక్కుకుపోయిన క్లోరిన్ అవశేషం ఇంకోవైపు, రెండూ కలిసి ఉక్కును నెమ్మదిగా తినేశాయి. క్లోరిన్, స్టెయిన్‌లెస్ స్టీల్ అంటే మా వాళ్లెవరికైనా వెంటనే టెన్షన్ మొదలవుతుంది. గోతిలో అన్నీ బిగించేశాక ఇది బయటపడి ఉంటే ఊహించడానికే భయమేస్తుంది. ఏ దేశం పనితనం తక్కువ, ఎవరిది తప్పు అన్న చర్చలో నాకు ఆసక్తి లేదు. సుల్తాన్ లాంటి ఉమ్మడి తనిఖీ వెస్సెల్ ముక్కలకు పుట్టిన చోటే ఉండి, అది కాదంటే ఓడ కదలని అధికారం దానికి ఉండి ఉంటే, ఆ ముక్కలు కదరాష్ దాకా వెళ్లేవి కావని నా అభిప్రాయం.

2024లో కొత్త షెడ్యూలు ప్రకటించారు. పరిశోధన ప్రయోగాలు 2034లో, డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలు 2039లో మొదలు. ఖర్చు ఇంకో 5 బిలియన్ యూరోలు పెరుగుతుందన్నారు. 2006లో అనుకున్న లెక్క ప్రకారం 2016కే మొదటి ప్లాస్మా రావాలి. ఈ ఆలస్యం నన్నూ బాధపెడుతుంది. కానీ ఈటర్ యాజమాన్యం ఆ పగుళ్ల లోతు, కారణం, రిపేర్ పద్ధతి అన్నీ లోకానికి చెప్పింది. ఇప్పుడు థర్మల్ షీల్డ్ చేయబోయే ప్రతి కంపెనీకీ క్లోరిన్ సంగతి ఉచితంగా తెలిసింది. ఆ పాఠం విలువ ఏ బడ్జెట్టు పట్టికలోనూ కనిపించదు.

ఈటర్ గోడను బెరీలియం నుంచి టంగ్‌స్టన్‌కు మార్చాలన్న నిర్ణయం కూడా అలాగే వచ్చింది. జర్మనీలో పూర్తి టంగ్‌స్టన్ గోడతో నడుస్తున్న ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్, ఫ్రాన్స్‌లోని వెస్ట్, చైనాలోని ఈస్ట్ అనే టోకమాక్‌ల అనుభవం అందుకు ఆసరా. ఈస్ట్ 2025 జనవరిలో ప్లాస్మాను 1,066 సెకన్లు నిలబెట్టింది. మరుసటి నెలకే వెస్ట్ దాన్ని 1,337 సెకన్లకు తీసుకుపోయింది. పత్రికలు దీన్ని చైనా, ఫ్రాన్స్ పందెంగా రాశాయి. పందెం ఉండనివ్వండి, మంచిదే. గోడ ఎంత అరిగింది, టంగ్‌స్టన్ ఎంత లోపలికి పాకింది అన్న అంకెలు ఇద్దరి దగ్గర్నుంచీ బయటికి వస్తున్నంత కాలం పోటీతో నాకు పేచీ లేదు.

నాకు ఆందోళన కలిగించేవి వేరే. బ్రిటన్ 2023లో యూరప్ ఉమ్మడి ఫ్యూజన్ కార్యక్రమంలో తిరిగి చేరకూడదని నిర్ణయించి, దాంతో ఈటర్‌కు కూడా దూరమైంది. తన సొంత కార్యక్రమం తనదే అంది. 1969లో మాస్కో వెళ్లి కొలిచి చెప్పిన దేశం, జెట్‌ను నలభై ఏళ్లు తన నేల మీద నడిపిన దేశం. దాని అనుభవం ఉమ్మడి బల్ల దగ్గర లేకపోవడం అందరికీ నష్టమే. ఇంకోవైపు, ఉక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యాతో శాస్త్ర సంబంధాలు చాలా తెగిపోయాయి. అయినా ఆ దేశం చేసిన 9 మీటర్ల కాయిల్ 2022 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఓడెక్కి కదరాష్ చేరింది. యుద్ధాన్ని ఎంతగా ఖండించేవాళ్లైనా ఈ తాడును తెంపకపోవడం సరైనదే అంటాను, ఎందుకంటే మిగతా ఆరుగురి పనీ ఆ కాయిల్ కోసమే ఆగి ఉండేది.

ప్రైవేటు కంపెనీల వాదన నేను తేలిగ్గా కొట్టేయను. ఏడుగురు కూర్చుని ఒప్పుకుంటే తప్ప బోల్టు కూడా మారని చోట వేగం రాదు. పెట్టుబడి పెట్టినవాడికి రహస్యం కొంత అవసరమే. అయస్కాంతం తయారీ విధానం దాచుకోండి, పేటెంట్ తీసుకోండి. కానీ ప్లాస్మా ఎంత వేడెక్కిందీ, ఎంత శక్తి పోయి ఎంత వచ్చిందీ అన్నది దాచుకోవాల్సిన విషయం కాదు. కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ, ఎంఐటీ శాస్త్రవేత్తలతో కలిసి తమ స్పార్క్ యంత్రం భౌతికశాస్త్రాన్ని 2020లోనే ఏడు పరిశోధన పత్రాలుగా బయటపెట్టింది. లోపాలుంటే ఎవరైనా ఎత్తిచూపవచ్చు. అంటే ఇది సాధ్యమేనని తేలిపోయింది. మిగతావాళ్లు ఎందుకు చేయరు?

కొలత ఎక్కడ తీశారన్నది కూడా పెద్ద విషయమే. 2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ లేజర్ ప్రయోగంలో ఇంధన గుళికను ఉంచిన లక్ష్యం మీద పడిన లేజర్ శక్తి 2.05 మెగాజౌళ్లు, వచ్చింది 3.15. నిజంగా గొప్ప ఫలితం. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది దాదాపు 300. ఆ సంస్థ ఈ సంగతి దాచలేదు, ఎవరడిగినా చెప్పింది. రేపు ఏదో కంపెనీ మాకు లాభం వచ్చేసిందని ప్రకటిస్తే, ఏ గీత దగ్గర నిలబడి లెక్కగట్టారో చెప్పే నిబంధన ఎక్కడుంది? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961 నుంచి ఫ్యూజన్ సదస్సులు నడుపుతోంది. ఇలాంటి ఉమ్మడి లెక్క పద్ధతి తయారు చేయడానికి దానికంటే తగిన వేదిక నాకు తోచదు. ప్రజల డబ్బు ఒక్క రూపాయి తీసుకున్న ప్రాజెక్టు అయినా సరే, ఆ పద్ధతిలోనే ఫలితం చెప్పాలి, బయటి బృందాన్ని పరికరాలతో రానివ్వాలి. ఫ్యూజన్‌కు డబ్బిచ్చే ప్రతి ప్రభుత్వమూ పెట్టాల్సిన షరతు ఇదని గట్టిగా నమ్ముతాను.

అన్నిటికంటే అర్జెంటుగా ఇది కావాల్సింది ట్రిటియం దగ్గర. 1,000 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి ఏడాది పొడవునా రావాలంటే దాదాపు 55 కిలోల ట్రిటియం ఖర్చవుతుంది. పౌర అవసరాలకు ప్రపంచంలో ఉన్న నిల్వ పాతిక ముప్పై కిలోల ప్రాంతంలోనే. అదీ ఎక్కువగా కెనడా తరహా భారజల రియాక్టర్ల నుంచి వచ్చేది, పైగా 12 ఏళ్ల పైచిలుకులో సగం దానంతటదే కరిగిపోతుంది. కాబట్టి విద్యుత్ కేంద్రం తన ట్రిటియాన్ని తానే పుట్టించుకోవాలి. గోడ వెనక లిథియం పెట్టి, న్యూట్రాన్ దానికి తగిలితే ట్రిటియం వచ్చేలా చేయాలి. ఒక ఫ్యూజన్‌కు ఒక్క న్యూట్రానే. అందులో కొన్ని కిటికీల్లోంచి, పైపుల సందుల్లోంచి పోతాయి. అందుకే బెరీలియమో సీసమో పెట్టి న్యూట్రాన్ల సంఖ్య పెంచుకోవాలి. ఖర్చయినదానికంటే ఒకింత ఎక్కువ ట్రిటియం చేతికి రావాలి. విద్యుత్ కేంద్రానికి కావాల్సిన స్థాయిలో ఇది ఇంతవరకు ఎక్కడా చేసి చూపలేదు.

ఈటర్‌లో దీనికి పరీక్షా మాడ్యూళ్లు పెట్టబోతున్నారు. అయితే ఇవి మిగతా భాగాల్లాగా ఉమ్మడి నిర్మాణ ఖర్చులోవి కావు. ఎవరి డిజైను వాళ్లే తమ ఖర్చుతో తెచ్చుకుంటారు. రేపటి విద్యుత్ కేంద్రం వ్యాపారమంతా అందులోనే ఉందని ప్రతి దేశానికీ తెలుసు కాబట్టి, సహకారం అన్నిటికంటే పలచబడే చోటు కూడా అదే. మాడ్యూల్ లోపలి డిజైను ఎవరిది వాళ్లు దాచుకోనివ్వండి. లోపలికి ఎన్ని న్యూట్రాన్లు వెళ్లాయి, బయటికి ఎంత ట్రిటియం వచ్చింది, ఉక్కులో ఎంత ఇరుక్కుపోయింది అన్న మూడు అంకెలు మాత్రం, ఆ మాడ్యూల్‌తో సంబంధం లేని ఇంకో సభ్యదేశం బృందం తన పరికరాలతో తీసి అచ్చు వేయాలి. ట్రిటియం ప్రయోగాలు 2039లో కాబట్టి నిబంధనలు రాసుకోవడానికి టైం ఇంకా ఉంది. మాడ్యూళ్ల తయారీ మొదలయ్యేలోపే ఈ షరతు కాగితం మీదికి ఎక్కాలి.